కాలిన పిల్లలకు లంఖణం పరమౌషధం కాదు

జ్వరమొస్తే లంఖణం పరమౌషధమని మన పెద్దల మాట. ఆపరేషన్ అనగానే ఆసుపత్రిలో వినపడే మొదటి మాట కూడా లంఖణమే: "రాత్రి పన్నెండు దాటాక ఏమీ పెట్టకండి, మంచినీళ్లు కూడా వద్దు." హెర్నియాకో టాన్సిల్స్‌కో ఒక్కసారి ఆపరేషన్ బల్ల ఎక్కి దిగే పిల్లవాడు ఆ పూట ఆకలికి ఏడుస్తాడు, సాయంత్రం ఇడ్లీ తిని ఆ సంగతి మరిచిపోతాడు. ఒళ్లు కాలిన పిల్లల సంగతి అలా కాదు. మరుగుతున్న సాంబారు మీద పడ్డ రెండేళ్ల పాపను, చచ్చిన చర్మం తీయడానికి ఒకసారి, తొడ మీది చర్మం తెచ్చి అతకడానికి ఇంకోసారి, మధ్యమధ్య మత్తిచ్చి కట్లు మార్చడానికి రోజు విడిచి రోజు థియేటర్‌కు తీసుకెళ్తారు. వెళ్లిన ప్రతిసారీ ముందురోజు రాత్రి నుంచి పస్తే.

ఒక్క పూట కోసం రాసిన నియమం నెల రోజులపాటు అమలైతే ఆ పసి ఒంట్లో ఏం జరుగుతుంది? మత్తు డాక్టర్లు ఈ ప్రశ్నను ఊపిరితిత్తుల వైపు నుంచి చూశారు. కాలిన గాయాల వైద్యులు గాయం వైపు నుంచి, పోషకాహార నిపుణులు కేలరీల వైపు నుంచి చూశారు. ముగ్గురి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. ఈ వ్యాసం ఆ పని చేస్తుంది.

ఖాళీ కడుపు నియమం ఎలా పుట్టింది

మత్తులో మనిషికి దగ్గు రాదు, మింగుడు పడదు. కడుపులోది పైకి తన్నుకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఈ భయం మత్తుమందు అంత పాతది. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి, నిమిషాల్లో చనిపోయింది. క్లోరోఫాం తప్పేమీ లేదనీ, తెలివి తెప్పించడానికి నోట్లో పోసిన నీళ్లూ బ్రాందీయే ఊపిరి ఆపాయనీ వైద్యుడు జేమ్స్ సింప్సన్ వాదించాడు. కారణం ఏదైనా, నోటి నుంచి వెళ్లేదానికీ మత్తుకూ పడదన్న అనుమానం అప్పుడే మొదలైంది.

అయినా తొలి తరం వైద్యులు నీళ్లు మానిపించలేదు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు కడుపులో గట్టి పదార్థం ఉండకూడదు గానీ, రెండు గంటల ముందు ఒక కప్పు టీ తాగిస్తే మేలని 1883లోనే జోసెఫ్ లిస్టర్ రాశాడు. అన్నానికీ నీళ్లకూ మధ్య ఆయన గీసిన గీత తర్వాతి రోజుల్లో చెరిగిపోయింది. అందుకు ప్రధాన కారణం 1946లో న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ ప్రచురించిన పత్రం. 44,016 ప్రసవాల్లో 66 మందికి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిందని ఆయన లెక్కతేల్చాడు. వాళ్లలో చనిపోయింది ఇద్దరు. ఆ ఇద్దరూ గట్టి ఆహారం అడ్డుపడి ఊపిరాడక పోయినవాళ్లే. పత్రం చెప్పింది ఇదైతే, ఆసుపత్రులు నేర్చుకున్న పాఠం మరొకటి: అర్ధరాత్రి నుంచి అన్నీ బంద్.

1974లో రాబర్ట్స్, షర్లీ అనే వైద్యులు కోతి మీద చేసిన ప్రాథమిక ప్రయోగం ఆధారంగా ఒక హద్దు చెప్పారు. కిలో బరువుకు 0.4 మిల్లీలీటర్లకు మించి ఆమ్లద్రవం కడుపులో ఉంటే ప్రమాదమన్నారు. కోతి ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోసిన ద్రవానికీ, మనిషి కడుపులో ఊరికే నిలిచిన ద్రవానికీ చాలా దూరం ఉంది. ఎంత పస్తున్నా చాలామంది పిల్లల కడుపులో అంతకంటే ఎక్కువే ఉంటుందని తర్వాత తేలింది. అప్పటికే ఆ హద్దు పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది.

లిస్టర్ గీత మళ్లీ కనపడటానికి శతాబ్దం పైగా పట్టింది. 1999లో అమెరికన్ మత్తు వైద్యుల సంఘం 2, 4, 6, 8 గంటల లెక్క ఇచ్చింది: తేట ద్రవాలకు 2 గంటలు, తల్లిపాలకు 4, డబ్బా పాలకూ తేలికపాటి తిండికీ 6, నూనె పదార్థాలకు 8. 2018లో బ్రిటన్, ఫ్రాన్స్, యూరప్ పిల్లల మత్తు వైద్య సంఘాలు కలిసి ఒక అడుగు ముందుకు వేసి, పిల్లలకు తేట ద్రవాలు గంట ముందు వరకూ ఇవ్వవచ్చని ప్రకటించాయి. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు దాన్నే ఖాయం చేసి, తల్లిపాలకు 3 గంటలు, డబ్బా పాలకు 4 గంటలు చాలన్నాయి. 2023లో అమెరికన్ సంఘం తన లెక్కను మళ్లీ చూసుకుని, గంటకు తగ్గించడానికి సరిపడా ఆధారాలు లేవంటూ 2 గంటల దగ్గరే ఆగింది. అయితే అవసరానికి మించిన పస్తు తప్పని అదీ గట్టిగానే చెప్పింది. నేటి తగాదా గంటా రెండా అన్నదే. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా మానిపించడం ఏ పుస్తకంలోనూ లేదు.

భయమెంత, ప్రమాదమెంత

పిల్లల్లో ఈ ప్రమాదం నిజంగా ఎంత? అమెరికాలో మేయో క్లినిక్ 63,180 మత్తుల లెక్క తీసి 1999లో ప్రచురించింది: పదివేలకు సుమారు 4. చనిపోయిన పిల్లలు లేరు. 2013లో బ్రిటన్‌లో 1,18,371 మంది పిల్లల లెక్క వచ్చింది: పదివేలకు సుమారు 2. 2017లో 33 యూరప్ దేశాల్లో 31,127 మత్తులను గమనించిన అధ్యయనంలో పదివేలకు 9 దాకా వచ్చింది. నిర్వచనాలు మారితే అంకెలు మారతాయి గానీ, అన్నీ వెయ్యికి ఒకటి లోపే.

స్వీడన్‌లోని ఉప్సాలా ఆసుపత్రి అనుభవం అన్నిటికంటే ఆసక్తికరం. అక్కడ 2000 ప్రాంతం నుంచి థియేటర్ నుంచి పిలుపు వచ్చేదాకా పిల్లల్ని తేట ద్రవాలు తాగనిస్తున్నారు. 10,015 మంది పిల్లల రికార్డులు తిరగేసి 2015లో ప్రచురించిన లెక్కలో ప్రమాదం పదివేలకు 3. గంటల తరబడి నీళ్లు మాన్పించిన చోటా అంతే, మాన్పించని చోటా అంతే. దీనికి కారణం కడుపు పనితీరులోనే ఉంది. నీళ్లలాంటి తేట ద్రవంలో సగం పావుగంట అటూఇటుగా కడుపు దాటిపోతుంది, గంటకు మిగిలేది కొద్దిగానే. కొవ్వు, మాంసకృత్తులు కలిసిన పాలు, గట్టి ఆహారం మాత్రం కడుపులో గంటల తరబడి నిలుస్తాయి.

కట్లు మార్చడం వంటి పనులకు ఇచ్చే తేలికపాటి మత్తుకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. అమెరికాలో థియేటర్ బయట మత్తిచ్చిన 1,39,142 సందర్భాల విశ్లేషణ 2016లో వచ్చింది. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయింది 10 మందికే. పస్తున్నారా లేదా అన్నది ఆ ప్రమాదాన్ని విడిగా ముందే చెప్పలేకపోయింది.

ఈ లెక్కలు ఎక్కువగా ఆరోగ్యవంతులైన, ముందుగా తేదీ ఖరారైన పిల్లలవి. కాలిన పిల్లలు ఆ గుంపులో పిడికెడు కూడా ఉండరు. కాబట్టి వీటిని నేరుగా వాళ్లకు అతికించడం కుదరదు. ఇక్కడ తేలేది ఒక్కటే: ప్రమాదం నిజం, అరుదు, దానికి ప్రధాన కారణం మంచినీళ్లు కాదు.

పుస్తకంలో రెండు గంటలు, వార్డులో పన్నెండు

నియమం ఒకటి, నడక మరొకటి. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఒకే రోజు వచ్చి పోయే శస్త్రచికిత్సలకు వచ్చిన 1,382 మంది పిల్లలను, 'ఆకలేస్తోందా, దాహమేస్తోందా' అని అడిగింది. తిండి మానేసి సగటున 12 గంటలు, ద్రవాలు మానేసి దాదాపు 8 గంటలు అయిందని తేలింది. పుస్తకంలో రాసిన గంటలకు ఇది రెట్టింపు, అంతకంటే ఎక్కువ. చాలా దేశాల్లో ఇదే కథ.

కాలిన పిల్లల దగ్గర ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాలిన గాయాలను 'శుభ్రం లేని కేసు'గా లెక్కేసి థియేటర్ జాబితాలో చివరికి నెట్టడం చాలాచోట్ల వాడుక. పొద్దున ఎనిమిదికనుకున్నది మధ్యాహ్నం రెండవుతుంది. రక్తం దొరక్కపోతే, అత్యవసర కేసు వస్తే ఇంకా వెనక్కి పోతుంది, ఒక్కోసారి రేపటికి వాయిదా పడుతుంది. వాయిదా కబురు వార్డుకు చేరేలోపు ఇంకో రెండు గంటలు గడుస్తాయి. రేపటికి మళ్లీ అదే పస్తు. ఆపరేషన్ అయ్యాక మత్తు దిగి, వాంతి భయం పోయి, నర్సు ట్రే తెచ్చేదాకా గడిచే గంటలను ఎవరూ లెక్కపెట్టరు.

పిల్లల ఒంటి నిల్వలు

పెద్దవాళ్ల శరీరం ఒక రాత్రి పస్తును పట్టించుకోదు. పిల్లల శరీరం పట్టించుకుంటుంది. బరువుతో పోల్చితే పిల్లల మెదడు చాలా పెద్దది, అది ప్రధానంగా గ్లూకోజ్ మీదే నడుస్తుంది. పెద్దవాళ్ల కాలేయం నిమిషానికి కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ తయారుచేస్తే సరిపోతుంది. పసికందుకు 5 నుంచి 8 కావాలి. ఖర్చు ఎక్కువ, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ తక్కువ. అది తరిగాక శరీరం కొవ్వు కరిగించి కీటోన్లు చేసుకుంటుంది.

పస్తున్న ఆరోగ్యవంతమైన పిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. అంటే చక్కెర ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్లే ఉంటుంది. జర్మనీలోని హనోవర్ వైద్యులు మూడేళ్లలోపు పిల్లల్లో చక్కెరతోపాటు కీటోన్లనూ కొలిచి 2015లో ప్రచురించారు. పస్తు గంటలు పెరిగే కొద్దీ చక్కెర స్థిరంగా కనిపించినా కీటోన్లు పెరిగాయి, రక్తం ఆమ్లం వైపు జరిగింది. మరుసటి ఏడాది అదే బృందం పస్తు గంటలను పద్ధతిగా తగ్గించి చూసింది. కీటోన్లు తగ్గాయి, మత్తు ఇచ్చేటప్పుడు రక్తపోటు పడిపోవడం కూడా తగ్గింది. ఒంట్లో నీరు తగ్గిన పిల్లవాడికి మత్తు ఇస్తే రక్తపోటు జారుతుందని, నరం దొరకడమూ కష్టమని మత్తు డాక్టర్లకు అనుభవమే.

ఆరని పొయ్యి

ఇక కాలిన ఒంటికి వద్దాం. తీవ్రమైన గాయం తర్వాత శరీరం మొదట చల్లబడి, తర్వాత మండుతుందని గ్లాస్గోకు చెందిన డేవిడ్ కత్‌బర్ట్‌సన్ 1942లో ప్రతిపాదించాడు. ఆ రెండో దశ కాలిన గాయాల్లో ఉన్నంత తీవ్రంగా మరే గాయంలోనూ ఉండదు. ఒంట్లో 40 శాతం కాలితే విశ్రాంతిలో కూడా శక్తి ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. ఈ మంటకు అడ్రినలిన్ జాతి హార్మోన్లే ఆజ్యమని 1974లో అమెరికా సైనిక పరిశోధన సంస్థలో డగ్లస్ విల్‌మోర్ బృందం నిరూపించింది. గాయం మానాక కూడా ఆ పొయ్యి ఆరదు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో 977 మంది పిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం, ఈ మార్పులు మూడేళ్ల దాకా కొనసాగుతాయని చూపింది.

ఈ మొత్తం చర్చకు ఇరుసు లాంటి విషయం ఒకటుంది. ఆరోగ్యవంతుడు పస్తుంటే శరీరం పొదుపు చేస్తుంది. ఇన్సులిన్ తగ్గి, కొవ్వు కరిగి, కీటోన్లు వచ్చి, కండను కాపాడుతుంది. లంఖణం ఔషధమనిపించేది ఈ పొదుపు వల్లే. కాలిన ఒంటికి ఆ పొదుపు చేతకాదు. ఇన్సులిన్ ఎక్కువగానే ఉన్నా పనిచేయదు. కీటోన్లు అవసరానికి తగ్గట్టు తయారు కావు. కాలేయం ఆగకుండా చక్కెర చేస్తూనే ఉంటుంది, దానికి ముడిసరుకు కండ కరిగి వచ్చిన అమైనో ఆమ్లాలు. పస్తున్న మామూలు పిల్లవాడు కొవ్వు తగలేస్తే, పస్తున్న కాలిన పిల్లవాడు కండ తగలేస్తాడు. అదే కండ చర్మం అతుక్కోవడానికీ, దగ్గడానికీ, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడటానికీ కావాలి. ఒంట్లో కండలో 10 శాతం పోతే రోగనిరోధక శక్తి తగ్గుతుంది, 20 శాతం పోతే గాయం మానడం మందగిస్తుంది, 30 శాతానికి న్యుమోనియా, పడక పుళ్లు, 40 శాతానికి ప్రాణమే పోతుందని కాలిన గాయాల వైద్యంలో తరచూ చెప్పే లెక్క.

వింతేమిటంటే, పదేపదే థియేటర్‌కు తీసుకెళ్లడం కూడా ఈ మంటను ఆర్పడానికే. 1970లో నాటి యుగోస్లావియాలోని మారిబోర్‌లో జోరా యాంజెకోవిచ్ అనే వైద్యురాలు, కాలిన చర్మాన్ని తొలి రోజుల్లోనే పొరలుపొరలుగా తీసి వెంటనే కొత్త చర్మం కప్పే పద్ధతిని ప్రపంచానికి చాటింది. అంతకుముందు వారాల తరబడి కుళ్లి ఊడే దాకా ఎదురుచూసేవారు. తొందరగా తీసి కప్పడంతో ఎంతోమంది బతికారు. అంటే ఆపరేషన్ మానకూడదు, వాయిదా వేయకూడదు. మానాల్సింది దానికి ముందూ వెనకా చేరిన అనవసర పస్తు.

పది పస్తుల లెక్క

ఒక లెక్క వేద్దాం. గాల్వెస్టన్ సూత్రం ప్రకారం 1 నుంచి 11 ఏళ్ల పిల్లలకు రోజుకు ఒంటి చదరపు మీటరుకు 1,800 కేలరీలు, కాలిన చదరపు మీటరుకు అదనంగా 1,300 కేలరీలు కావాలి. పది కిలోల పాప ఒళ్లు సుమారు అర చదరపు మీటరు. అందులో 30 శాతం కాలితే 0.15 చదరపు మీటరు. మొత్తం 900, 195 కలిపి రోజుకు దాదాపు 1,100 కేలరీలు. గొట్టం ద్వారా రేయింబవళ్లు ఆహారం వెళ్తున్న పాపకు ఒక్కో ఆపరేషన్‌కు 12 గంటలు ఆపితే 550 కేలరీలు పోతాయి. నెలలో పదిసార్లు ఆపితే 5,500. అంటే ఆ నెలలో అయిదు రోజులు ఆ పాపకు ఏమీ పెట్టనట్టే. ఏ ఒక్క రోజూ కేస్‌షీట్‌లో 'పస్తు' అని కనపడదు. ఏ ఒక్కరూ తప్పు చేసినట్టూ కనపడదు.

ఇక్కడే మూడు శాఖల లెక్కలు ఒకదాన్నొకటి దాటిపోతాయి. మత్తు డాక్టరు ఈ రోజు పస్తును చూస్తాడు. సర్జన్ గాయాన్ని చూస్తాడు. డైటీషియన్ వారం మొత్తం కేలరీలు కూడి, ఎందుకు తగ్గాయో తెలియక ఆహారం చిక్కబరుస్తుంది. పోయిన గంటలను ఎవరి కాగితంలోనూ రాసుండరు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి

కాలిన పిల్లల రక్తంలో చక్కెర సాధారణంగా ఎక్కువే ఉంటుంది, పస్తున్నా సరే. ఎక్కువ చక్కెర ఇన్‌ఫెక్షన్‌కు విందు. అందుకే 2010లో గాల్వెస్టన్ వైద్యులు 239 మంది పిల్లల మీద ఇన్సులిన్‌తో గట్టి నియంత్రణ చేసి చూశారు. ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి, అవయవాల పనితీరు మెరుగుపడింది. అయితే మరీ కిందికి దించడం క్షేమం కాదనీ, 130 మిల్లీగ్రాముల ప్రాంతం మేలనీ అదే బృందం అభిప్రాయపడింది. 2014లో వాళ్లదే మరో పత్రం, చక్కెర 60 కంటే కిందికి పడిన కాలిన పిల్లల్లో సమస్యలూ మరణాలూ ఎక్కువని చూపింది.

పస్తు ఈ రెండో గోతిలోకి తోస్తుంది. ముఖ్యంగా రెండు సందర్భాల్లో. మొదటిది, ఇన్సులిన్ ఎక్కుతున్న పిల్లలకు ఆపరేషన్ కోసం ఆహారం ఆపి, ఇన్సులిన్ ఆపడం మరవడం. రెండోది మరింత చాటుగా జరుగుతుంది. కాలిన పిల్లల్లో హార్మోన్ల మంటను తగ్గించడానికి ప్రొప్రనలాల్ వాడటం 2001లో డేవిడ్ హెర్న్‌డన్ బృందం 25 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం తర్వాత చాలాచోట్లకు పాకింది. కండ కరగడం తగ్గించే మందు అది. కానీ పస్తున్నప్పుడు కాలేయం చక్కెర విడుదల చేయకుండా అడ్డుకునేదీ అదే. పైగా చక్కెర పడితే వచ్చే గుండెదడ, వణుకు అనే హెచ్చరికలను దాచేస్తుంది. మత్తులో ఉన్న పిల్లవాడు ఎలాగూ చెప్పలేడు. ఆ మందు వేసుకుంటున్న పిల్లవాణ్ణి పన్నెండు గంటలు పస్తుంచడం కళ్లు మూసుకుని నడిపించడమే.

కాబట్టి కాలిన పిల్లల విషయంలో చక్కెర కొలత మత్తుకు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, తర్వాత ఒకసారి తప్పనిసరి. థియేటర్‌లో ఎక్కించే ద్రవం సంగతికొస్తే, లవణాలు సమంగా ఉండి 1 నుంచి 2.5 శాతం గ్లూకోజ్ కలిసిన ద్రవాలు మేలని 2011లో యూరోపియన్ నిపుణులు ఏకాభిప్రాయానికి వచ్చారు. 5 శాతం డెక్స్‌ట్రోస్ ఒక్కటే ఎక్కిస్తే చక్కెర పెరగడమే కాక, రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాచే ప్రమాదముంది.

కాలిన పిల్లల కడుపు ఖాళీ అవుతుందా

పస్తు గంటలు తగ్గించాలనేవాళ్లకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఇది, న్యాయమైనది కూడా. కాలిన తొలి ఒకటి రెండు రోజుల్లో షాక్ వల్ల కడుపు కదలిక మందగిస్తుంది. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు దాన్ని ఇంకా నెమ్మది చేస్తాయి. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకినప్పుడు మళ్లీ అదే స్థితి. ఈ రోజుల్లో ఎన్ని గంటలు పస్తున్నా కడుపు ఖాళీ అని నమ్మలేం. మరోవైపు, షాక్ నుంచి తేరుకుని, ఆహారం అరిగించుకుంటున్న పిల్లల కడుపు దాదాపు మామూలుగానే పనిచేస్తుంది. అంటే కాలిన పిల్లలందరికీ ఒకే గంట పనికిరాదు. ఏ రోజు, ఏ స్థితి అన్నదే కొలబద్ద.

పైగా కడుపు నిండుందన్న అనుమానంతో తొందర తొందరగా ఊపిరిగొట్టం వేయాలన్నా కాలిన పిల్లల్లో దారి ఇరుకే. అలాంటప్పుడు కండరాలు సడలడానికి సాధారణంగా వాడే సక్సినైల్‌కోలిన్ కాలిన ఒకటి రెండు రోజుల తర్వాత ఇస్తే రక్తంలో పొటాషియం ఒక్కసారిగా ఎగిసి గుండె ఆగిపోవచ్చు. ఈ ముప్పు నెలల తరబడి ఉంటుంది. బదులుగా వాడే రొకురోనియం మోతాదు పెంచాల్సి వస్తుంది. ముఖం, మెడ కాలి వాచిన పిల్లల్లో గొట్టం వేయడమే గండం. వీళ్ల విషయంలో పస్తు నియమం కఠినంగా ఉండటం సబబే.

ఈ అనుమానాన్ని కొంత తీర్చేది అల్ట్రాసౌండ్. కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి కడుపు కింది భాగాన్ని చూస్తే, ఖాళీనా, నీళ్లా, గట్టి ఆహారమా అన్నది నిమిషాల్లో తెలుస్తుంది. కిలోకు సుమారు 1.5 మిల్లీలీటర్ల లోపు తేట ద్రవం ఉంటే మామూలేనంటారు. పై పొట్ట కాలి, కట్లు ఉన్న పిల్లల్లో ఇది సాధ్యపడకపోవచ్చు. సాధ్యపడిన చోట మాత్రం, గడియారం చూసి వేసే అంచనా కంటే కడుపు చూసి తీసుకునే నిర్ణయం మేలు.

థియేటర్‌లోనూ ఆగని ఆహారం

ఈ రంగంలో అన్నిటికంటే సాహసోపేతమైన ప్రయోగం 1994లో ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలోని ష్రైనర్స్ కాలిన గాయాల కేంద్రం నుంచి వచ్చింది. అక్కడి వైద్యులు 80 మంది రోగుల్ని తీసుకుని, సగం మందికి ఆపరేషన్ జరుగుతుండగా కూడా గొట్టం ద్వారా ఆహారం ఇస్తూనే ఉన్నారు. కిటుకు గొట్టం చివర ఎక్కడుందన్నది. కడుపు దాటి చిన్నపేగులో ఉంది. కాలిన తర్వాత కడుపు మొండికేసినా చిన్నపేగు పనిచేస్తూనే ఉంటుంది. ఆహారం ఆపనివారిలో కేలరీల లోటు తగ్గింది, గాయం ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి, ఊపిరితిత్తుల్లోకి పోయిన సంఘటన ఒక్కటీ లేదు.

తర్వాత వచ్చిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, పాత రికార్డులు తిరగేసి రాసినవి. అయినా దారి ఒకే వైపు చూపిస్తున్నాయి: ఊపిరిగొట్టం బెలూన్‌తో భద్రంగా ఉండి, ఆహార గొట్టం చిన్నపేగులో ఉన్న పిల్లలకు ఆహారం ఆపనక్కర్లేదు, లేదా చాలా తక్కువ సేపు ఆపితే చాలు. మామూలు పస్తు మార్గదర్శకాలు ఆరోగ్యవంతులైన, గొట్టం లేని పిల్లల కోసం రాసినవి. వెంటిలేటర్ మీదున్న కాలిన పిల్లవాడికి వాటిని అక్షరాలా అమలు చేయడం ఆ మార్గదర్శకాలు కూడా కోరని పని. బోర్లా పడుకోబెట్టాల్సి వచ్చినా, ఊపిరిగొట్టం మార్చాల్సి వచ్చినా మాత్రం ఆపాల్సిందే.

మన వార్డుల్లో

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రంగా కాలిన గాయాల పాలవుతున్నారు. చిన్నపిల్లల్లో ఎక్కువగా వేడి నీళ్లు, కూరలు, పాలు ఒలికి కాలినవే. ఆ పిల్లలు వార్డుకు వచ్చేసరికే బలహీనంగా ఉన్నవాళ్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. రక్తహీనత దేశంలో ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి. పాశ్చాత్య దేశాల అధ్యయనాల్లో కనిపించే పిల్లల కంటే మన పిల్లల నిల్వలు తక్కువ. కాబట్టి పస్తు మనకింకా ఖరీదైనది.

భారత మత్తు వైద్యుల సంఘం 2020లో పిల్లలకు కూడా పస్తు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక మిగిలింది వాటిని వార్డు భాషలోకి తేవడం. 'తేట ద్రవం' అంటే తల్లికి ఏం తెలుస్తుంది? గ్లాసు వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలిగేంత పారదర్శకంగా ఉండాలని చెబితే తెలుస్తుంది. మంచినీళ్లు, చక్కెర నీళ్లు, ఓఆర్‌ఎస్, పాలు కలపని టీ, గుజ్జు లేకుండా వడకట్టిన యాపిల్ రసం తేట ద్రవాలు. కొబ్బరినీళ్లూ అంతే, కాకపోతే వాటిలో పొటాషియం ఎక్కువ గనుక కిడ్నీ దెబ్బతిన్న పిల్లలకు డాక్టర్‌ని అడగాలి. మజ్జిగ, గంజి, పప్పుకట్టు, బూస్ట్ పల్చగా ఉన్నా తేట ద్రవాలు కావు. 'పల్చగానే ఉంది కదా' అని ఇచ్చిన మజ్జిగ ఆపరేషన్ వాయిదాకు దారితీస్తుంది, వాయిదా మరో పస్తుకు. మోతాదు కూడా చెప్పాలి. యూరప్ సూచించిన కిలోకు 3 మిల్లీలీటర్లంటే పది కిలోల పాపకు 30 మిల్లీలీటర్లు, అంటే నాలుగైదు గుక్కలు.

పెద్ద ఖర్చు లేకుండా మారగలిగేవి మూడు. కాలిన పిల్లలను జాబితాలో మొదట పెట్టడం. థియేటర్ నుంచి వార్డుకు 'ఇంకో గంటన్నర పడుతుంది, నీళ్లు పట్టండి' అని ఒక ఫోన్. వాయిదా అని తేలిన నిమిషమే తిండి పెట్టడం. ఏ యంత్రమూ కొననక్కర్లేదు.

తేలినదీ, తేలాల్సిందీ

ఇన్ని అధ్యయనాలు ఒకచోట పెట్టి చూశాక కొన్ని విషయాలు స్థిరంగా చెప్పవచ్చు. షాక్ నుంచి తేరుకుని, నోటితో తింటున్న కాలిన పిల్లలకు తేట ద్రవాలు రెండు గంటల ముందు దాకా ఇవ్వడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. గంట ముందు దాకా ఇవ్వడానికి యూరప్ ఒప్పుకుంటోంది, అమెరికా ఆగి చూస్తోంది. ఊపిరిగొట్టం, చిన్నపేగు గొట్టం రెండూ ఉన్నవాళ్లకు ఆహారం ఆపకపోవడానికి ఆధారాలు బలపడుతున్నాయి. తొలి రెండు రోజుల్లో, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, ముఖం వాచినప్పుడు కఠిన నియమమే క్షేమం. పెద్దల శస్త్రచికిత్సల్లో వాడుకైన పిండిపదార్థపు పానీయాలు కాలిన పిల్లలకూ మేలు చేస్తాయా అన్నది మాత్రం తేలాల్సి ఉంది. ఇన్సులిన్ మొండికేసిన ఒంటికి అవి ఉపయోగపడవచ్చు, చక్కెర పెంచనూ వచ్చు.

మిగతా చర్చ పరిశోధకులకు వదిలేసి వార్డులో రేపటి నుంచే చేయదగిన పని ఒకటుంది. యాంటిబయాటిక్ ఎన్ని మిల్లీగ్రాములిచ్చామో రాస్తాం. ఎన్ని మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించామో రాస్తాం. ఆహారం ఆపిన గంటలను కూడా అలాగే రాయాలి: ఆఖరి గుక్క ఎన్నింటికి, మొదటి ముద్ద మళ్లీ ఎన్నింటికి, ఈ నెలలో మొత్తం ఎన్ని గంటలు, ఆ లోటు ఎప్పుడు పూడ్చారు. పస్తు కూడా ఒక మందే అనుకుంటే, మోతాదు రాయకుండా ఏ మందూ ఇవ్వకూడదు కదా. తల్లిదండ్రులు కూడా డాక్టరు చెప్పిన గంటలు తప్పక పాటిస్తూనే, 'మా పాపకు నీళ్లు ఎన్నింటి దాకా పట్టొచ్చు' అని ప్రతిసారీ అడగాలి. గడియారం చూసి జవాబు చెప్పగలిగిన వార్డులో ఆ పాప గాయం కాస్త తొందరగా మానుతుంది.